తగువు తీర్చే కొలువు

కొత్తపేట నుంచి ఓ లారీ కురిడీ కొబ్బరి ఉత్తరాదికి వెళ్లిందనుకోండి. బిల్లు మీద ‘గండేరా’ అని ఉంది. సరుకు దిగిన నాలుగో రోజున అవతలి వ్యాపారి ఫోన్ చేశాడు. సగానికి సగం గటగటే వచ్చిందని, మిగతా డబ్బు పంపేది లేదని తేల్చేశాడు. ఆగిపోయింది 18 లక్షలు. వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, కోపంగా మాట్లాడిన రెండు వాయిస్ మెసేజ్‌లు, ఓ లారీ చీటీ, ఓ జీఎస్టీ బిల్లు... ఇక్కడి వ్యాపారి చేతిలో ఉన్న సాక్ష్యమంతా ఇదే.

ఈ లారీ, ఈ మనుషులు మనం ఊహించుకున్నవాళ్లే. తగువు మాత్రం కోనసీమలో కొబ్బరో, అరటో, పీచో అమ్మే ఇంట్లో పెరిగినవాళ్లెవరికీ కొత్త కాదు. ఒకప్పుడైతే నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టేవారు. అక్కడ తెగకపోతే కోర్టు. ఈ రెండింటి మధ్యా చట్టం గుర్తించిన మరో పని ఉంది. అనుభవం పండిన లాయర్లు చాలామంది ఇప్పుడు అటే చూస్తున్నారు. ‘లా చదివితే రోజూ నల్లకోటేసుకుని వాయిదాల కోసం తిరగడమేగా’ అని వెనకాడే డిగ్రీ విద్యార్థులు తెలుసుకోవాల్సిన పని. కాకపోతే ఆ కుర్చీ చదువు అయిన వెంటనే దొరకదు. ఆ సంగతి ముందే చెప్పుకొంటే మంచిది.

ఒకటే మాట... రెండు పనులు

తెలుగులో ఓ చిక్కుంది. మీడియేషన్‌నీ మధ్యవర్తిత్వమే అంటాం, ఆర్బిట్రేషన్‌నీ మధ్యవర్తిత్వమే అంటాం. పత్రికల్లో రాసే మేమూ ఇందుకు తక్కువేం కాదు. కానీ ఇవి పూర్తిగా వేర్వేరు పనులు. లా ఫర్మ్ ఇంటర్వ్యూలో రెండింటినీ కలిపేశారంటే అక్కడితో సరి.

మీడియేటర్ తీర్పు చెప్పడు. ఇద్దరినీ మాట్లాడించి, వాళ్లే ఓ ఒప్పందానికి వచ్చేలా చూస్తాడు. నచ్చకపోతే ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆర్బిట్రేటర్ అలాక్కాదు. ఇద్దరూ ముందే ‘మా మధ్య తేడా వస్తే ఆర్బిట్రేషన్‌కి వెళ్తాం’ అని రాసుకున్నారు కాబట్టి, వాదనలు విని, కాగితాలు చూసి, కారణాలతో సహా తీర్పు రాస్తాడు. దాన్నే అవార్డు అంటారు. కోర్టు డిక్రీలాగే అది అమలవుతుంది. ఓడినవాళ్లు మూడు నెలల్లో కోర్టుకు వెళ్లి రద్దు చేయమని అడగొచ్చు, తగిన కారణం చూపిస్తే మరో 30 రోజులు ఇస్తారు. అయితే ‘ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని సరిగ్గా తూచలేదు, మీరు మళ్లీ తూచండి’ అంటే కోర్టు వినదు. అప్పీలులా కాకుండా, చాలా కొద్ది కారణాల మీదే అవార్డును పక్కన పెడుతుంది. ఇదంతా 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టంలో ఉంది. మీడియేషన్‌కి 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. అందులోని కొన్ని సెక్షన్లను ఆ ఏడాది అక్టోబరు 9 నుంచి అమల్లోకి తెచ్చారు.

మన 18 లక్షల తగువుని ముందు మీడియేటర్ గదిలోకి తీసుకెళ్దాం.

అసలు ఇక్కడికి రాకుండా కోర్టుకు వెళ్లడం కుదరదు. వ్యాపార వివాదం విలువ 3 లక్షలు, అంతకు పైన ఉంటే, అత్యవసరంగా స్టే లాంటిది అడుగుతున్న సందర్భంలో తప్ప, దావా వేయడానికి ముందే మీడియేషన్‌కు ప్రయత్నించాలి. కమర్షియల్ కోర్టుల చట్టంలో 2018లో చేర్చిన 12ఏ సెక్షన్ ఇది. పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ‘ఇది తప్పనిసరి’ అని తేల్చేసింది. న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే వాళ్లే మీడియేటర్‌ని ఇస్తారు. మూడు నెలల గడువు, ఇద్దరూ సరేనంటే ఇంకో రెండు నెలలు. 10 లక్షల నుంచి 50 లక్షల మధ్య వివాదానికి 2018 నిబంధనల్లో పెట్టిన రుసుము 30 వేలు. చెరిసగం భరించాలి.

మొదట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఎవరి గోడు వాళ్లు చెప్పుకొంటారు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. అసలు పని జరిగేది ఈ విడి సమావేశంలోనే. మన వ్యాపారి తలుపు వేశాక మెల్లగా ఒప్పుకోవచ్చు: ‘పై వరస బస్తాలే నేను చూశానండి, కింద ఏం వేశారో కుర్రాళ్లకే తెలియాలి.’ అవతలాయన తన వంతు వచ్చినప్పుడు అనొచ్చు: ‘సరుకంతా అమ్మేశానండి. పండగ సీజన్‌లో డబ్బు వేరేచోట ఇరుక్కుంది.’ అంటే ఒకరి సమస్య నాణ్యత, ఇంకొకరి సమస్య నగదు. బిల్లు చూస్తే ఈ రెండూ కనపడవు. ఒకరు చెప్పిన రహస్యాన్ని వాళ్ల అనుమతి లేకుండా రెండోవాళ్లకు చెప్పకుండానే మీడియేటర్ దారి వెతకాలి. కొంత ధర తగ్గించి, మిగిలింది మూడు వాయిదాల్లో ఇచ్చి, వచ్చే లోడు నుంచి లారీ ఎక్కించే ముందే గ్రేడింగ్ చూసుకునేలా రాసుకుంటే ఇద్దరి వ్యాపారమూ నిలబడుతుంది. ‘ఇకముందు ఇలా చేసుకోండి’ అనే మాట కోర్టు తీర్పులో సాధారణంగా ఉండదు. ఒప్పందంలో రాసుకోవచ్చు.

ఈ గదిలో మాట్లాడిన మాటలు బయట సాక్ష్యంగా పనికిరావు. మీడియేటర్‌ని కోర్టుకు పిలిచి ‘ఆయన ఏం ఒప్పుకున్నాడు’ అని అడగడానికీ లేదు. పార్టీలు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, అదే వివాదంలో ఆయన తర్వాత ఆర్బిట్రేటర్‌గా కూర్చోకూడదు. ఎందుకో తెలిసే ఉంటుంది... తలుపు వేశాక చెప్పినవన్నీ ఆయన విన్నాడు కదా.

అవతలివాళ్లు అసలు రాకపోతే? నోటీసు ఇచ్చినా రాకపోతే ‘నాన్ స్టార్టర్’ అని నివేదిక రాసి మూసేస్తారు. మీడియేటర్‌కి ఎవరినీ లాక్కొచ్చే అధికారం లేదు. పెద్దపెద్దవాళ్లకీ ఈ అనుభవం తప్పలేదు. 2021 ఆగస్టులో కృష్ణా జలాల కేసు విచారణకు వచ్చినప్పుడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని చెప్పి, మీడియేషన్‌తో తేల్చుకోండని సూచించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోర్టు తీర్పే కావాలంది. ఆయన ఆ కేసు విచారణ నుంచి తప్పుకొన్నారు.

కుర్చీలో ఆర్బిట్రేటర్ ఉంటే

అదే తగువు ఆర్బిట్రేషన్‌కి వెళ్లాలంటే ముందు ఓ లిఖిత ఒప్పందం ఉండాలి. బిల్లు వెనకో, ఆర్డర్ ఫారంలోనో, ఈమెయిల్‌లోనో ఎక్కడో ఆ మాట ఉండాలి. ఎవర్ని పెట్టుకోవాలో ఇద్దరికీ కుదరకపోతే హైకోర్టును అడగాలి. ఆర్బిట్రేటర్ల సంఖ్య ఎప్పుడూ బేసి సంఖ్యే... ఒకరో, ముగ్గురో.

ఇక్కడ మన పెద్దమనిషికీ ఆర్బిట్రేటర్‌కీ తేడా బయటపడుతుంది. పెద్దమనిషికి విలువ ఎందుకంటే ఆయనకు అందరూ తెలుసు. ఆర్బిట్రేటర్‌కి అందరూ తెలిసి ఉండటమే గండం. కుర్చీలో కూర్చునే ముందు ఇరుపక్షాలతో తనకున్న సంబంధాలన్నీ రాతపూర్వకంగా చెప్పాలి. గతంలో వాళ్లకు కేసు వాదించారా? ఆ సంస్థలో వాటా ఉందా? దగ్గరి బంధువులెవరైనా అందులో ఉన్నారా? చట్టంలోని ఐదో, ఏడో షెడ్యూళ్లలో ఈ జాబితా పొడుగ్గా ఉంటుంది. ఊరంతా బావగారూ, బాబాయిగారూ అని పిలుచుకునే మన గోదావరి జిల్లాల్లో ఈ ఫారం నింపడం ఢిల్లీలో నింపినంత తేలిక కాదు. ‘మా పెద్దమ్మగారి అల్లుడికి అందులో భాగం ఉందండి, నేను కూర్చోను’ అని ఫీజు వదులుకోగలిగినవాళ్లకే ఈ వృత్తిలో పేరొస్తుంది. వివాద ఫలితంలో ప్రయోజనం ఉన్న మనిషి ఏకైక ఆర్బిట్రేటర్‌ని తానే నియమించడం కూడా కుదరదని 2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

క్లెయిములు, జవాబులు దాఖలయ్యాక 12 నెలల్లో అవార్డు రావాలి. పార్టీలు సరేనంటే మరో ఆరు నెలలు. ఆ పైన కోర్టు అనుమతి కావాలి. మరి ఖర్చు? చట్టం నాలుగో షెడ్యూలులో ఓ నమూనా పట్టిక ఉంది. 5 లక్షల దాకా 45 వేలు. ఆ పైన 20 లక్షల వరకు, 5 లక్షలు దాటిన మొత్తం మీద 3.5 శాతం కలపాలి. మన 18 లక్షలకు లెక్క వేస్తే 90,500. ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే పాతిక శాతం అదనం కాబట్టి 1,13,125 రూపాయలు. లాయర్ల ఫీజులు, ప్రయాణాలు వేరే. 30 వేల మీడియేషన్‌తో పోల్చి చూసుకోండి. చిన్న వ్యాపారికి ఏది మేలో ఇట్టే తెలిసిపోతుంది. ఆర్బిట్రేషన్ చవక అని ఎవరైనా చెబితే, ఎంత మొత్తానికండీ అని అడగండి.

ఓ మంచి సంగతి: విచారణ ఏ భాషలో జరగాలో పార్టీలే నిర్ణయించుకోవచ్చని 22వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరూ సరేనంటే అంతా తెలుగులోనే. తెలుగు జమాఖర్చుల పుస్తకం చదవగలిగి, గండేరాకీ గటగటకీ ధర ఎందుకు తేడానో తెలిసిన లాయర్‌కి ఇది చిన్న బలం కాదు.

మన తీరం నుంచి కౌలాలంపూర్ దాకా

18 లక్షలు వదిలేసి, కోట్ల డాలర్ల తగువు చూద్దాం. అదీ మన కోనసీమదే. ఉప్పలగుప్తం మండలం సూరసాని యానాం దగ్గర రవ్వ చమురు క్షేత్రం ప్లాంటు ఉంది. 1994 అక్టోబరు 28న కేంద్ర ప్రభుత్వం ఈ క్షేత్రంపై కంపెనీలతో ఉత్పత్తి పంపక ఒప్పందం చేసుకుంది. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కి 25, కెయిర్న్‌కి 22.5, రవ్వ ఆయిల్‌కి 12.5 వాటాలు. తేడా వస్తే ఆర్బిట్రేషన్ అని, దాని స్థానం కౌలాలంపూర్ అని అందులో రాసుకున్నారు.

తేడా వచ్చింది. ఓ వివాదంలో 2003 మార్చిలో కౌలాలంపూర్‌లో విచారణ జరగాల్సి ఉండగా సార్స్ వ్యాధి వ్యాపించింది. కూర్చునే చోటుని ఆమ్‌స్టర్‌డామ్‌కి, ఆ తర్వాత లండన్‌కి మార్చుకున్నారు. మరి ఆర్బిట్రేషన్ ‘స్థానం’ కూడా మారినట్టేనా? ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్లు గడిచాయి. 2011 మే 11న సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, కుర్చీలు ఎక్కడ వేసుకున్నా సరే, అందరూ సంతకాలు చేసి ఒప్పందాన్ని సవరించనంత వరకూ స్థానం కౌలాలంపూరే. లా విద్యార్థులు పరీక్షలో ‘సీట్, వెన్యూ మధ్య తేడా’ అని బట్టీ పట్టేది ఇలాంటి కేసుల నుంచే. ఏ దేశపు కోర్టుకు ఆ ఆర్బిట్రేషన్‌పై అజమాయిషీ ఉంటుందో ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది.

ఇంకో వివాదం ఖర్చు గురించి. క్షేత్రాన్ని అభివృద్ధి చేయడానికి అయిన ఖర్చును కంపెనీలు చమురు ఆదాయం నుంచి రాబట్టుకోవచ్చు. మూల అభివృద్ధి ఖర్చుకు ఒప్పందంలో 18.898 కోట్ల డాలర్లని, 5 శాతం వరకు పెరగొచ్చని హద్దు పెట్టారు. అంతకు మించి పెట్టిన డబ్బు సంగతేమిటి అన్నదే తగువు. 2011 జనవరి 18న వచ్చిన అవార్డు కంపెనీల వాదనలో చాలాభాగం ఒప్పుకుంది. సుమారు 27.8 కోట్ల డాలర్లు రాబట్టుకోవచ్చంది. ప్రభుత్వం మలేసియాలో హైకోర్టు, అప్పీలు కోర్టు, ఫెడరల్ కోర్టు... మూడు మెట్లూ ఎక్కింది. ఎక్కడా గెలవలేదు. చివరికి 2020 సెప్టెంబరు 16న మన సుప్రీంకోర్టు కూడా ఆ అవార్డు ఇక్కడ అమలు చేయదగిందేనని తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ ఎస్.అబ్దుల్ నజీర్ 2023లో మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు.

అవార్డు వచ్చిన తొమ్మిదేళ్లకుగానీ అది తెమల్లేదు. ‘ఆర్బిట్రేషన్ అంటే త్వరగా అయిపోతుంది’ అనే మాటకు పక్కన ఈ కేసునీ గుర్తుపెట్టుకోండి. ఇన్నేళ్ల పాటు ఈ కాగితాలతో ఎంతమంది జూనియర్లకు పని దొరికి ఉంటుందో కూడా ఆలోచించండి.

మరి దారేది?

‘ఆర్బిట్రేటర్ కావలెను’ అని ఉద్యోగ ప్రకటన రాదు. ఇదొక నమ్మకం మీద నడిచే పని. మొదటి పది, పదిహేనేళ్లు మీరు ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుని వాదిస్తారు. తర్వాత ఎప్పుడో ఓ రోజు ఇరుపక్షాల లాయర్లూ మీ పేరుకి సరేనంటారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎస్.నరసింహనే చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన ఆయన సీనియర్ అడ్వకేట్‌గా ఉండగా, 2019 మార్చిలో బీసీసీఐ, రాష్ట్ర క్రికెట్ సంఘాల మధ్య ముదిరిన వివాదాల్లో సుప్రీంకోర్టు ఆయన్ని మీడియేటర్‌గా నియమించింది. అప్పటికే ఆయన ఆ కేసులో కోర్టుకు సహాయకుడిగా ఉన్నారు. అంటే కాగితాలన్నీ చదివేశారు, ఎవరి పక్షమూ కాదు. పిలుపు రావడానికి ఈ రెండూ చాలు. 2021 ఆగస్టు 31న బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

అంతదాకా ఏం చేయాలి? ముందు లా. డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఇంటర్ అయినవాళ్లకు ఐదేళ్ల కోర్సు. లాసెట్ రాసి రాజమహేంద్రవరంలోని జీఎస్‌కేఎం లాంటి కళాశాలల్లో చేరొచ్చు. క్లాట్ రాస్తే సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని నల్సార్ ఉన్నాయి. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. మీడియేటర్ కావాలంటే సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పద్ధతిలో 40 గంటల శిక్షణ ఉంటుంది. కోర్టు మీడియేషన్ కేంద్రాల జాబితాలో చేరడానికి అది తొలిమెట్టు.

లా చదవనివాళ్లూ నిరాశపడక్కర్లేదు. ఆర్బిట్రేటర్ లాయరే అయి ఉండాలని మన చట్టంలో లేదు. 2019 సవరణలో ఎనిమిదో షెడ్యూలు పేరుతో కొన్ని అర్హతలు పెట్టారు గానీ, 2021 సవరణ దాన్ని తీసేసింది. రోడ్డు కాంట్రాక్టుల తగువుల్లో అనుభవజ్ఞులైన ఇంజినీర్లు, లెక్కల తగువుల్లో చార్టర్డ్ అకౌంటెంట్లు ఆర్బిట్రేటర్లుగా కూర్చుంటారు.

డబ్బు గురించి దాచకూడదు. జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు ఇంటి మీద ఆధారపడాల్సి రావొచ్చు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. ఏ ఆఫీసులో చేరుతున్నా ఈ సంగతి మొహమాటపడకుండా ముందే అడగండి. ఇంటి పరిస్థితి బాగోకపోతే ముందు ఓ కంపెనీ లీగల్ విభాగంలో కాంట్రాక్టులు రాసే ఉద్యోగం చూసుకోవడం తప్పేమీ కాదు. కాంట్రాక్టు రాయడం వచ్చినవాళ్లకే అది ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. 2021 డిసెంబరు 18న హైదరాబాద్‌లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం లాంటి సంస్థలకు కేసుల నిర్వహణ చూసేవాళ్లూ కావాలి.

జూనియర్ చేసే పని బయటికి కనపడదు. ఫలానా రోజు ఆర్డర్, ఫలానా రోజు లోడు, ఫలానా రోజు మొదటి ఫిర్యాదు... ఇలా తేదీల పట్టిక వేయాలి. వాట్సాప్ మెసేజ్‌లను సాక్ష్యంగా ఎలా పెట్టాలో చూసుకోవాలి. మన కొబ్బరి కేసులో ఫిర్యాదు నాలుగో రోజున వచ్చింది. ఆ మూడు రోజులు ఏమయ్యాయి అన్న ప్రశ్న మీదే కేసు తిరిగిపోవచ్చు. దాన్ని పట్టేది తేదీల పట్టిక వేసిన కుర్రాడో, అమ్మాయో.

కోనసీమలో ఉండే మొదలుపెట్టగలిగే పని ఇంకోటుంది. పీచు పరిశ్రమ లాంటి చిన్న ఉత్పత్తిదారులు ఉద్యమ్‌లో నమోదై ఉంటే, సరుకు తీసుకున్నవాళ్లు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తే ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్. ఓడిన కొనుగోలుదారు ఆ అవార్డును సవాలు చేయాలంటే 75 శాతం సొమ్ము ముందు కట్టాలి. ఇది కేవలం కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. 2021లో వాళ్లను ఉద్యమ్‌లోకి తీసుకున్నా, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. అంటే పీచు తీసే యూనిట్‌కి ఈ దారి ఉంది, మన కురిడీ వ్యాపారికి లేదు. కక్షిదారు మొదటిసారి ఆఫీసు మెట్లెక్కినప్పుడే ఈ తేడా చెప్పగలిగితే ఆయనకు ఎన్నో నెలలు మిగులుతాయి.

ఈలోగా ఖర్చు లేకుండా చూడగలిగింది లోక్ అదాలత్. జాతీయ లోక్ అదాలత్ ఏడాదిలో కొన్ని విడతలుగా జరుగుతుంది. కొత్తపేటలోనో అమలాపురంలోనో కోర్టుకు వెళ్లి ఓ పూట వెనక బల్ల మీద కూర్చోండి. ‘వడ్డీ వదిలేయండి, అసలు ఇచ్చేస్తాను’ అన్న మాట ఎవరి నోట ముందు వస్తుందో, అది రావడానికి ముందు ఎంతసేపు మౌనం ఉంటుందో గమనించండి. ఇంటికొచ్చాక నాన్నగారి కొట్లోనో, పక్కింటి కొట్లోనో ఓ బిల్లు అడిగి తీసుకోండి. అడుగున చిన్న అక్షరాల్లో ‘వివాదాలు ఫలానా ఊరి కోర్టు పరిధికి లోబడి’ అని ఉందా, ఆర్బిట్రేషన్ అని ఉందా, అసలేమీ లేదా? సరుకు బాగోలేదని ఎన్ని రోజుల్లోగా చెప్పాలో ఎక్కడైనా రాశారా? లేకపోతే ఆ ఒక్క వాక్యం మీరే రాసి చూడండి. ఎవరికి చూపించినా ఒకే అర్థం వచ్చేలా రాయడానికి ఎన్నిసార్లు కొట్టేయాల్సి వచ్చిందో లెక్కపెట్టుకోండి.